ప్రార్థన మనవికీ సాక్ష్యానికీ మధ్య

మన క్రైస్తవ కుటుంబాల్లో జబ్బు గురించి చెప్పుకోవడానికి రెండే పద్ధతులున్నాయి. ఒకటి ప్రార్థన మనవి, రెండోది సాక్ష్యం. ఆపరేషన్ ముందురోజు "దయచేసి అందరూ ప్రార్థించండి" అని కబురొస్తుంది. వారం పది రోజులకి "దేవునికి స్తోత్రం, సంపూర్ణ స్వస్థత" అని ఇంకో కబురు. ఈ రెంటి మధ్యా కోలుకోవడం అనే పెద్ద పని ఒకటుంది కదా, దాని గురించి మాత్రం ఎవరూ ఏమీ రాయరు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే టికెట్ ఓపెన్, టికెట్ క్లోజ్, అంతే. మధ్యలో కామెంట్ల పెట్టె ఖాళీ.

సొంతవాళ్ళు పక్క వీధిలో ఉన్నప్పుడు దీనివల్ల పెద్ద నష్టం లేదు. వెళ్ళి చూసొస్తారు. కుటుంబం అమెరికాలోనో, కువైట్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నలు చిత్తూరులోనో తిరుపతిలోనో ఉన్నప్పుడే అసలు చిక్కు.

మా వైపు "వేలూరుకు తీసకపోయినారు" అంటే చాలు, విషయం పెద్దదేనని అందరికీ అర్థమైపోతుంది. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం, ముప్పై అయిదు కిలోమీటర్లు. తిరుపతి వాళ్ళయితే పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్ళే రైలెక్కుతారు. ఆసుపత్రిలో ఒకడుంటే ఊళ్ళోంచి పదిమంది పోయి చూసి, సాయంత్రం బస్సుకి తిరిగొస్తారు. వచ్చినవాడు నాలుగు వీధుల్లో చెప్పే కబురులో కాస్త ఉప్పూకారం ఉండొచ్చు గానీ, వాడు కళ్ళతో చూసొచ్చినవాడు. "ఇడ్లీ తిన్నాడు, నన్ను చూసి నవ్వినాడు" అని చెప్పగలడు. డాలస్‌లో ఆపరేషన్ అయితే అలా చూసొచ్చేవాడు ఎవడూ లేడు. ఉన్నదల్లా ఫోన్‌లో నాలుగు ముక్కలు. అవి ఎవరు రాస్తారు, ఎప్పుడు రాస్తారు, ఏం రాస్తారు అన్నది అందుకే ముఖ్యం. నా మటుకు నాకు అది మందులివ్వడంలాంటి పనే అనిపిస్తుంది.

ఒక్క ఉదాహరణ చెప్తాను (బావ ఒప్పుకున్న తర్వాతే రాస్తున్నాను లెండి). 2022 సెప్టెంబర్లో డాలస్‌లో మా బావకి బైపాస్ చేశారు. మూడు రక్తనాళాలు మూసుకుపోయాయి. వాళ్ళమ్మ, అంటే మా అత్త, పలమనేరులో ఒక్కతే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళు, బీపీ ఉంది. ఆమెకి చెప్పొద్దని అక్కడివాళ్ళంతా అనుకున్నారు. కానీ ప్రార్థన కావాలి కదా. అక్క అక్కడి తెలుగు సంఘంలో ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టింది. అందులో, డాక్టరు చెప్పినట్టే, "గుండెను కాసేపు ఆపి, మెషీన్ మీద పెట్టి ఆపరేషన్ చేస్తారు" అని ఉంది. బైపాస్ చాలావరకు అలాగే చేస్తారు, అదేం వింత కాదు. ఆ మెసేజ్ మూడు వాట్సాప్ గ్రూపులు దాటేసరికి "ఆపరేషన్‌లో గుండె ఆగిపోయింది, అత్యవసర ప్రార్థన" అయింది. మరుసటి రోజు పొద్దున పాలకి పోయిన అత్తకి ఎవరో ఆ మాట చెప్పి ఓదార్చారు!

బెంగళూరులో ఉన్న నాకు ఫోన్ వచ్చింది. వందనాల్లేవు, పలకరింపుల్లేవు. "ఒరే, నిజం చెప్పు. నా కొడుకు ఉండాడా, లేడా?"

అప్పటికి బావ వెంటిలేటర్ తీసేసి, కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగి నాలుగు గంటలైంది.

ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. ముందుకు పంపిన ప్రతివాళ్ళూ మంచి మనసుతోనే పంపారు. మన గ్రూపుల్లో ప్రార్థన మనవిని ఆపకుండా పంపడమే భక్తి. "ఇది నిజమేనా?" అని అడగడం అవిశ్వాసం కింద లెక్క. చిక్కు అక్కడే ఉంది. దానికి తోడు, పెద్దవాళ్ళకి చెప్పకపోతే వాళ్ళకి తెలియదులే అనుకోవడం ఒకటి. చెప్పకపోతే తెలియకుండా ఉండదు, ఇంకొకరి నోటినుంచి తెలుస్తుంది. అదీ వంకరగా.

"ఎంత ఎక్కువమంది ప్రార్థిస్తే అంత మంచిది కదా, ఎవరికి తెలిస్తే ఏం?" అని పెద్దలు అంటారు. వాళ్ళు నమ్మే గ్రంథంలోంచే జవాబు చెప్పొచ్చు. రోగుల కోసం ప్రార్థన గురించి ఎక్కువగా చూపించేది యాకోబు పత్రిక అయిదో అధ్యాయం. పద్నాలుగో వచనం తీసి చూడండి. రోగి ఉంటే, ఆ రోగే సంఘపెద్దలను పిలిపించుకోవాలని ఉంది. పిలిచేది రోగి. పిలిచేది పెద్దలను. ఆయన జబ్బు సంగతి ఊరంతా చాటండి అని అక్కడ లేదు. నేను బైబిల్ పండితుణ్ణి కాను, కానీ ఆ వాక్యంలో కర్త ఎవరో చూడ్డానికి పాండిత్యం అక్కర్లేదు కదా.

ఇంకో చోటు ఇంతకంటే బాగుంటుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చివర. ఫిలిప్పీ సంఘంవాళ్ళు చెరలో ఉన్న పౌలుకి ఎపఫ్రొదితు అనే ఆయన చేత సాయం పంపారు. ఆయన పరదేశంలో జబ్బుపడి చావుదాకా పోయాడు. ఈ కబురు ఊరికి చేరింది. తన జబ్బు సంగతి ఇంటిదగ్గర వాళ్ళకి తెలిసిందని ఈయన బాధపడిపోయాడు. రోగికి తన జబ్బు కంటే, ఆ కబురు ఇంట్లోవాళ్ళని ఏం చేస్తోందోనన్న దిగులు ఎక్కువైంది! రెండు వేల ఏళ్ళ కిందటి మాట ఇది. ఇప్పుడు హ్యూస్టన్‌లో పడుకున్న మన కుర్రాడి దిగులూ ఇదే.

దానికి పౌలు ఏం రాశాడో చూడండి. జబ్బు చిన్నదని బుకాయించలేదు, చావుకి దగ్గరగా వెళ్ళాడనే చెప్పాడు. దేవుడు కనికరించాడన్నాడు. తన దుఃఖం సంగతి కూడా దాచలేదు. ఆయన్ని వెనక్కి పంపిస్తున్నానని, సంతోషంగా చేర్చుకోండని, వాళ్ళు చేయవలసిన పని చెప్పాడు. పరిస్థితి ఏమిటి, ఇప్పుడెలా ఉంది, మీరేం చేయాలి. ఆఫీసులో సర్వర్ పడిపోయినప్పుడు మేం రాసే మెయిల్లో కూడా ఈ మూడే ఉండాలని మా మేనేజర్లు మొత్తుకుంటారు.

మా జిల్లా క్రైస్తవానికి ఈ దూరపు కబుర్ల సంగతి కొత్త కూడా కాదు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, ఇవన్నీ ఒకప్పటి అమెరికన్ ఆర్కాట్ మిషన్ ఊళ్ళు. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన మిషన్ అది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకే ముఖ్యపట్టణం. అప్పుడు విదేశంలో ఉన్న క్రైస్తవ కుటుంబాలు వాళ్ళు. ఇల్లు ఇక్కడ, పిల్లల చదువులు అమెరికాలో. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా కబురు సముద్రం దాటాల్సిందే.

ఐడా స్కడ్డర్ కథ మావైపు అందరికీ తెలుసు గానీ, అది ఒక జబ్బు కబురుతో మొదలైందని చాలామంది గమనించరు. 1870లో రాణిపేటలో పుట్టిన అమ్మాయి, అమెరికాలో చదువుకుంటూ, ఇండియాకి తిరిగి రాకూడదని గట్టిగా అనుకుంది. తల్లికి జబ్బుగా ఉందని కబురొచ్చింది. 1890లో తల్లిని చూసుకోవడానికి తిండివనం వచ్చింది. అక్కడుండగానే ఒక్క రాత్రి ముగ్గురు గర్భిణుల కోసం మగవాళ్ళు వచ్చి ఆడమనిషి సాయం అడగడం, ఆ ముగ్గురూ చనిపోవడం జరిగాయి. తర్వాత డాక్టరు చదివి 1900లో తిరిగొచ్చి వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. అదే ఈనాటి సీఎంసీ. సరైన మనిషికి చేరిన ఒక నిజమైన కబురు ఏం చేయగలదో చెప్పడానికి మా ప్రాంతంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

అదే వేలూరులో పనిచేసిన ఇంకో డాక్టరు పాల్ బ్రాండ్. కుష్ఠువల్ల వంకరపోయిన చేతులకి 1948 నుంచి ఆపరేషన్లు చేసి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన పుట్టింది తమిళనాడులోని కొల్లిమలైలో, ఇంగ్లీషు మిషనరీ దంపతులకి. తొమ్మిదేళ్ళప్పుడు చదువుకోసం ఇంగ్లండ్ పంపేశారు. 1929లో తండ్రి జెస్సీ బ్రాండ్ ఆ కొండల్లోనే జ్వరంతో చనిపోయాడు. తంతి తొందరగా చేరింది. ఉత్తరాలు మాత్రం ఓడలో కదా వచ్చేది. నాన్న చనిపోయాడని తెలిసిన తర్వాత కూడా, నాన్న చేత్తో రాసిన ఉత్తరం ఆ పిల్లాడి చేతికొచ్చింది. ఆ రోజుల్లో కబురు ఆలస్యమై బాధపెట్టేది. ఇప్పుడు మనిషి కళ్ళు తెరవకముందే కబురు ఊరు చుట్టేసి బాధపెడుతోంది. ఉత్తరంలో ఒక సుఖం మాత్రం ఉండేది. రాసినవాడెవడో తెలుసు, ఏ తారీఖున రాశాడో పైన ఉండేది. మన ఫార్వర్డుల్లో ఈ రెండూ ఉండవు. రెండేళ్ళ కిందటి ప్రార్థన మనవి ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది, పాపం ఆ పిల్లాడు ఈపాటికి బడికి పోతుంటాడు :)

ఈ చిక్కుకి మా వృత్తివాళ్ళు ఒక దారి ఎప్పుడో చూపించారు. 1997లో మిన్నెసోటాలో సోనా మెహ్రింగ్ అనే ఆవిడ స్నేహితురాలికి నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. అందరికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పే శక్తి ఆ తల్లిదండ్రులకి లేదు. ఈవిడ ఒక వెబ్‌పేజీ తయారుచేసి రోజూ కబురు అందులో పెట్టింది. అదే కేరింగ్‌బ్రిడ్జ్ అనే పెద్ద సంస్థ అయింది. ఒకే చోట, కుటుంబమే రాస్తుంది, కావలసినవాళ్ళు వచ్చి చదువుకుంటారు. టెక్నాలజీ పరంగా అందులో గొప్ప ఏమీ లేదు. ఒకే చోటు, ఒకే గొంతు అన్నదే అందులో గొప్ప.

అమెరికాలో హిపా చట్టం ఉంది కదా, రోగి వివరాలు బయటికి రావు అని కొందరి ధీమా. 1996లో వచ్చిన ఆ చట్టం ఆసుపత్రులనీ, డాక్టర్లనీ, ఇన్సూరెన్సు కంపెనీలనీ కట్టేస్తుంది. మేనత్తనీ, సంఘపు వాట్సాప్ గ్రూపునీ కట్టేయదు. అక్కడ చట్టం మనమే పెట్టుకోవాలి.

పదిమందికి తెలియడం రోగికి ఎప్పుడూ బలమే అనుకోవడం కూడా తప్పు. 2006లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలొచ్చాయి. ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ చేయించుకున్న 1802 మంది మీద చేశారు. కొందరికి ప్రార్థన చేశారు, కొందరికి చేయలేదు, ఈ రెండు గుంపులకీ సంగతి ఖాయంగా చెప్పలేదు. వీళ్ళలో ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు 52 శాతానికీ, 51 శాతానికీ వచ్చాయి. తేడా లేనట్టే. "నీకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారు" అని చెప్పిన మూడో గుంపులో మాత్రం 59 శాతం! దీన్ని పట్టుకుని ప్రార్థన పనిచేయదని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. నేను ఆ జట్టులో లేను. దేవుణ్ణి ఎక్సెల్ షీటులో పెట్టి కొలవడం భక్తుడికీ నచ్చదు, నాస్తికుడికీ నచ్చకూడదు. ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చన్నారు. కానీ ఆ పరిశోధకుల్లో ఒకరన్న మాట నాకు గుర్తుండిపోయింది. ఇంతమందిని పిలిచి ప్రార్థన చేయించేంత ముదిరిందా నా జబ్బు అని రోగి బెంబేలెత్తి ఉండొచ్చేమో అని. మంచం మీద పడుకున్నవాడి తలలో ఏం తిరుగుతుందో ఆలోచించినవాడి మాట అది.

ఇక రెండో కొస, సాక్ష్యం. నన్నడిగితే ప్రార్థన మనవి కంటే ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది.

బైపాస్ అయినవాణ్ణి అమెరికాలో సుమారు వారం లోపలే ఇంటికి పంపేస్తారు. ఇంటికొచ్చాడు అనగానే ఊళ్ళో అందరికీ "బాగైపోయాడు" అని అర్థం. నిజానికి అసలు కోలుకోవడం అప్పుడే మొదలవుతుంది. రొమ్ము ఎముక కోసి వైర్లతో కట్టి ఉంటారు, అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా గాలన్ పాలడబ్బా కంటే బరువైనది ఎత్తకూడదు. కారు నడపకూడదు. దగ్గొస్తే దిండు గుండెకి అదుముకుని దగ్గాలి. నిద్ర పట్టదు. ఆకలుండదు. వీటన్నిటికంటే పెద్దది, మనసు కుంగిపోవడం. గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి వచ్చేదే ఇది, డాక్టర్లకి బాగా తెలిసిందే. మనవాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు.

బావ ఇంటికొచ్చిన అయిదో రోజున, ఆదివారం జూమ్‌లో సాక్ష్యం చెప్పమని ఫోనొచ్చింది. బావ అక్కతో అన్నాడట, "మెట్లెక్కలేకపోతుండా, రాత్రుళ్ళు ఊరికే ఏడుపొస్తాంది. ఏం సాక్ష్యం చెప్పేది?" అని. వెళ్ళి చెప్పేసి ఉంటే ఏమయ్యేది? ఒకసారి "సంపూర్ణ స్వస్థత" అని పదిమందిలో అన్నాక, మూడో వారంలో "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి అనగలడా? అంటే దేవుడిచ్చిన స్వస్థతని కాదన్నట్టవుతుందే! తొందరపడి చెప్పించిన సాక్ష్యం రోగి నోరు మూసేస్తుంది. మద్రాసు నుంచి మదనపల్లె దాకా ఎంతమంది ఇలా నోరు మూసుకుని తిరుగుతున్నారో.

బావ అప్పుడు తనే కొన్ని పద్ధతులు పెట్టాడు. కబురు అక్క ఒక్కతే రాయాలి, బావ చదివి సరేనన్నాకే పంపాలి. డాలస్‌లో రాత్రి ఎనిమిదికి, అంటే పలమనేరులో పొద్దున ఆరున్నరకి. మొట్టమొదట అత్తకే ఫోన్ చేసి చెప్పాలి, తర్వాతే గ్రూపులో. గొట్టాలతో ఉన్న ఫోటోలు వద్దు. తెలియనిది తెలియదనే రాయాలి. పైన తారీఖు వేయాలి.

అక్క రాసినవి నేను దాచుకున్నాను. ఏ పండితుడూ మెచ్చుకునే రాతలు కావు. "ఈరోజు ఇంటి ముందు రెండుసార్లు నడిచాడు. జ్వరం లేదు. మనసు బాగాలేదు, డాక్టరుకి చెప్పాం. ఫోన్లు చేయొద్దు, మెసేజ్ పెట్టండి, చదివి వినిపిస్తాను." అంతే. "మనసు బాగాలేదు" అన్న ముక్క చదివి, పలమనేరు సంఘంలో ఒకాయన నాకు ఫోన్ చేసి, పదేళ్ళ కిందట తనకీ వేలూరులో ఇదే ఆపరేషన్ అయిందని, మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదని చెప్పాడు. ఆయన సాక్ష్యం మేమంతా అప్పట్లో విన్నాం. ఈ సంగతి అందులో లేదు.

తర్వాత అక్కడి ఆసుపత్రివాళ్ళ వ్యాయామ కార్యక్రమంలో చేరాడు. వారానికి మూడు చొప్పున మొత్తం 36 సార్లు పోవాలి. అప్పటినుంచి కబురు ఇంకా చిన్నదైంది. "36లో 9 అయినాయి." అత్త చర్చి క్యాలెండరు మీద టిక్కులు పెట్టుకునేది. ఏం ప్రార్థించాలో ఆమెకి ఖచ్చితంగా తెలుసు, పదో రోజు కోసం ప్రార్థించాలి. సంఘంలో స్త్రీల సమాజంవాళ్ళూ అదే అడిగేవాళ్ళు, "ఈ వారం ఎన్ని అయినాయి?" అని. సాదాసీదా నిజం చెప్తే ప్రార్థన తగ్గుతుందని భయపడేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. తగ్గలేదు సరికదా, నాలుగు నెలలు నడిచింది. మామూలుగా మన ప్రార్థన మనవి ఆయుష్షు నాలుగు రోజులు.

కాబట్టి నేననేది ఇంతే. కబురు రోగిది. ఆయనకి తెలివి లేనప్పుడు ఆయన తరఫున మాట్లాడే మనిషెవరో ఆపరేషన్‌కి ముందే ఆయన్నే అడిగి ఖాయం చేసుకోండి. పెద్దవాళ్ళకి ముందు చెప్పండి, నెమ్మదిగా చెప్పండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి చెప్పండి, కానీ చెప్పండి. గ్రూపులో వచ్చిన మనవి రాసినవాళ్ళెవరో తెలియకపోతే ముందుకు పంపకండి, అక్కడే ఆగి ప్రార్థన చేసుకోండి. వినేవాడికి ఫార్వర్డులతో పని లేదని మీరే కదా చెప్తారు. సంఘకాపరులకి ఒక మనవి: సాక్ష్యం ఎప్పుడు చెప్తావని అడక్కండి, చెప్పాలనిపించినప్పుడు వాళ్ళే వస్తారు. రెండో నెలలో ఒకసారి ఫోన్ చేసి "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగి చూడండి. ఆ నెలలో ఎవరూ అడగరు.